పాత సైకిలు పరిచర్య: దాని వెనుకటి కథ

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ సమయమున, దేవాలయముల నిర్మాణమును గురించి, బిషప్పుగార్ల సేవను గురించి, బడులను ఆసుపత్రులను గురించి పెద్దలు ఈ సంచికలో వ్రాస్తున్నారు. సంపాదకవర్గమువారు మమ్మల్ని మాత్రము "మీ సైకిళ్ల సంగతి వ్రాయండి" అన్నారు. వినగానే మాకు కొంచెము సిగ్గు వేసినది. శనివారము మధ్యాహ్నము దేవాలయము వెనుక రేకుల షెడ్డులో అయిదారుగురము చేరి, ఎవరో వద్దనుకొని ఇచ్చిన పాత సైకిళ్లను విప్పి, కడిగి, బిగించి, అవసరమున్నవారికి ఇవ్వడము తప్ప మేము చేసినదేమున్నది? నూరేండ్ల చరిత్రలో దానికి చోటెక్కడిది?

కాని ఆలోచించగా ఒక సంగతి తోచినది. ఈ పని మేము కనిపెట్టినది కాదు. పాత వస్తువును బాగుచేసి బీదవారికి అందించడము క్రైస్తవ సంఘములో నూరేండ్లకు పైబడిన అలవాటు. మేము చేసిన తప్పులనే మాకంటె ముందు ఇతరులు చేసి, దిద్దుకొన్నారు. ఆ చరిత్ర ముందే తెలిసియుంటే మా మొదటి సంవత్సరపు శ్రమ పాత ఇనుప సామాను కొట్టు పాలయ్యేది కాదు. అందుచేత ఆ కథ కొంత, మా కథ కొంత వ్రాస్తున్నాము.

తెలుగు దేశములో సువార్త పని మొదలైన నాడు అందరినీ బాధించినది దూరము. 1836లో నరసాపురము ప్రాంతమునకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబములవారు, 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొరగారు, 1841లో బందరు చేరిన నోబుల్, ఫాక్స్ దొరగార్లు, అందరూ పడవలను, పల్లకీలను, గుర్రములను, ఎడ్లబండ్లను నమ్ముకొన్నవారే. మన ఉపదేశులకు అవి కూడ లేవు. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులలో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారము మీద ఊరూరు తిరిగినవారు. ఆ దారుల వెంటనే ఆయన సాక్ష్యము కూడ నడిచినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్ మొదటి బిషప్పు అయిన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు కూడ ఎడ్లబండి మీద పల్లె సంఘములు తిరిగినవారే.

సైకిలు పల్లె ఉపదేశి చేతికి వచ్చినాక ఈ లెక్క మారినది. మన ఇండ్లలోని పెద్దవారిని అడిగితే ఇప్పటికీ చెప్తారు. పంచె చైనులో పడకుండ పైకి దోపుకొని, కారియరుకు బైబిలు సంచి కట్టుకొని, ప్రొద్దున ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నము మరొక ఊరిలో, దీపాల వేళకు మూడవ ఊరిలో. ఎడ్లబండి అయితే ఒక ఊరితో సరి. సైకిలుకు మేత అక్కరలేదు, తోలేవాడు అక్కరలేదు. హ్యాండిలుకు పంచాయతివారి పన్ను బిళ్ల ఉంటే చాలు, రాత్రిపూట దీపము ఉంటే చాలు. దీపము లేకపోయినా, వెనుక మరొకరు ఎక్కినా పోలీసువారు ఆపి చీటీ వ్రాసేవారు. ఆ భయముతో ఊరి పొలిమేరలో దిగి నడచిన పాస్టరుగార్ల కథలు మన సంఘములలో కొల్లలు.

ఈ వాహనము పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాము. 1817లో జర్మనీలోని మాన్‌హైము పట్టణమునకు చెందిన కార్ల్ డ్రాయిస్ అనే ఆయన రెండు చక్రముల కొయ్య బండి చేసి, దానిమీద కూర్చుండి కాళ్లతో నేలను తన్నుకొంటూ పోయినాడు. పెడళ్లు తరువాత వచ్చినవి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములు ఇంచుమించు సమానముగా ఉండి, చైను వెనుక చక్రమును త్రిప్పే సైకిలును తెచ్చినాడు. ఈనాడు మన వీధిలో పోయేది కూడ మూలమున అదే. 1888లో బెల్ఫాస్టులోని డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండి కోసము చేసిన గాలి టైరుకు పేటెంటు పొందినాడు. మన దేశములో స్వరాజ్యము వచ్చిన తరువాత మద్రాసులో టి.ఐ. సైకిల్సు (1949), సోనీపట్‌లో అట్లాసు (1951), లూధియానాలో హీరో (1956) వెలిసినవి. అంతకుముందు దొరల, ఉద్యోగస్థుల వస్తువైన సైకిలు పాలవానికి, పోస్టు బంట్రోతుకు, బడిపంతులుకు అందుబాటులోకి వచ్చినది ఈ కంపెనీల వలననే. వాటిలో అట్లాసు వారి సాహిబాబాదు కర్మాగారము 2020 జూను 3న, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడే, పని ఆపివేసినది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక ఉండలేము. విమానము కనిపెట్టిన రైటు సోదరులు ఒక బిషప్పుగారి కుమారులు. తండ్రి మిల్టన్ రైటుగారు అమెరికాలో యునైటెడ్ బ్రెదరన్ సంఘపు బిషప్పు. కొడుకులు 1892లో డేటన్ పట్టణములో సైకిలు దుకాణము పెట్టి, అమ్మకము, మరమ్మతు చేసినారు. 1903 డిసెంబరు 17న గాలిలోకి లేచిన వారి యంత్రములో పంకాలను త్రిప్పినది కూడ సైకిలు తరహా చైనులే. చేతులకు గ్రీజు అంటుతుందని మా షెడ్డు దగ్గర మన యౌవనస్థులు సందేహించినప్పుడెల్ల ఈ కథ చెప్తాము. కొందరు లోపలికి వస్తారు. కొందరు విమానము గురించి మాత్రమే అడిగి వెళ్లిపోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. బీదవారికి ఊరకే ఇచ్చుటయా, లేక వారి చేతికి పని ఇచ్చుటయా అనే ప్రశ్న మన తెలుగు సంఘములో సైకిలు రాకముందే వచ్చినది. 1876 నుండి 1878 వరకు ధాత కరవని పెద్దలు చెప్పుకొనే కరవు మన జిల్లాలను పీడించినది. ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు ఆ రోజులలో బకింగుహాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని ప్రభుత్వము వద్ద కాంట్రాక్టుగా తీసికొన్నారు. ఆకలితో ఉన్నవారికి గంజి పోయుటతో ఆగక, పార ఇచ్చి కూలి ఇచ్చినారు. కాలువ గట్టున పగలు పని, సాయంకాలము వాక్యము. తిండి కోసము మతము పుచ్చుకొన్నారనే మాట రాకూడదని, సహాయము ఇచ్చినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపి ఉంచినారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము సండే స్కూలులో విన్నదే. ఆ సంఖ్య చెప్పేవారు చాలమంది. దానికి ముందున్న పారను, కూలిని గుర్తుచేసేవారు తక్కువ.

ఇంగ్లండులో రక్షణ సైన్యమును స్థాపించిన విలియము బూతుగారు 1890లో అచ్చువేసిన తన పుస్తకములో, ధనవంతుల ఇండ్లలో పారవేసే పాత బట్టలు, సామానులు, సీసాలు పోగుచేసి, పని లేనివారి చేత శుభ్రము చేయించి వాడుకలోకి తెచ్చే పథకమును వివరించినారు. అమెరికాలోని బోస్టను పట్టణములో మెథడిస్టు పాదిరి ఎడ్గార్ హెల్మ్సుగారు 1902లో ఆ మాటను తన పేటలోనే ఆచరణలో పెట్టినారు. కాఫీ గింజల గోనెసంచులు భుజాన వేసికొని సంపన్నుల ఇండ్లకు పోయి పాత బట్టలు, జోళ్లు, కుర్చీలు అడిగి తెచ్చేవారు. పేటలోని బీదవారే వాటిని కుట్టి, అతికి, మేకులు కొట్టి బాగుచేసేవారు. ఆ వస్తువులను తక్కువ ధరకు అమ్మి, వచ్చిన డబ్బు కూలిగా ఇచ్చేవారు. తరువాత గుడ్‌విల్ ఇండస్ట్రీస్ అనే పేరుతో దేశమంతట వ్యాపించినది ఆ పనియే.

హెల్మ్సుగారి పద్ధతిలో మాకు నచ్చినది ఏమనగా, కొనేవారు గిరాకీదారులు, కుట్టేవారు పనివారు. ఎవరూ ముష్టి ఎత్తలేదు. చిరుగు చొక్కాను చిరుగు చొక్కాగానే బీదవాని చేతిలో పెట్టడము దానము కాదని, మన అటక ఖాళీ చేసికొనే పని మాత్రమేనని మా అభిప్రాయము. మన సంఘములలో క్రిస్మసుకు పాత బట్టలు పోగుచేసేటప్పుడు గుండీలు లేని చొక్కాలు, జిప్పు ఊడిన ప్యాంట్లు వచ్చి పడుట చూచినవారు మాతో ఏకీభవిస్తారు.

సైకిళ్లకు ఈ పద్ధతి వర్తించుటకు మరి ఎనుబది తొంబది ఏండ్లు పట్టినది. కారణము తేలికగానే కనబడుతుంది. బట్టలవలె సైకిలు వీధి చివర పారవేసే వస్తువుగా అప్పటికి కాలేదు. సంపన్న దేశములలో మోటారు కార్లు పెరిగి, పిల్లలు ఎదిగిపోగా గ్యారేజీలలో సైకిళ్లు మిగిలిపోయిన తరువాతనే ఆ అవకాశము వచ్చినది. అదే బోస్టను నగరములో 1984లో కొందరు స్వచ్ఛంద సేవకులు పాత సైకిళ్లు పోగుచేసి నికరాగువా దేశమునకు పంపనారంభించినారు. వారిది సంఘపు సంస్థ కాదు, శాంతి కోరినవారి సంస్థ. తరువాత వారే తమ పేటల పిల్లలకు మరమ్మతు నేర్పి, నేర్చుకొన్న పిల్లవాడు తాను బిగించిన సైకిలును తానే ఇంటికి తీసికొనిపోయే ఏర్పాటు చేసినారు.

1991లో న్యూజెర్సీలో డేవిడ్ ష్వైడెన్‌బాక్ అనే వడ్రంగి మరొక ప్రయత్నము చేసినాడు. యౌవనములో ఆయన ఈక్వడారు దేశములో సేవకు వెళ్లినప్పుడు, ఆ ఊరిలో సైకిలు ఉన్నది ఒక్క మనిషికే, అతడు కూడ వడ్రంగియే. సైకిలు ఉన్నందున అతడు దూరపు పనులు కూడ ఒప్పుకొనగలిగేవాడు. మిగిలిన వడ్రంగులు నడిచిపోయినంత దూరమే వారి బ్రతుకు. ఆ దృశ్యము ఈయన మరువలేదు. పండ్రెండు సైకిళ్లు దొరికితే చాలునని అడిగితే నూట నలుబది వచ్చినవి. దేవాలయముల ఆవరణలలో, బడుల ఆవరణలలో ఒక శనివారము పోగుచేయడము, ఓడకు ఎక్కించడము, అక్కడివారు బాగుచేసి తక్కువ ధరకు అమ్మడము వారి పద్ధతి. సైకిలు ఇచ్చేవారు దానితోపాటు రవాణాకు కొంత డబ్బు కూడ ఇవ్వవలెను. పాత వస్తువు ఇచ్చినందుకే తమకు కృతజ్ఞత చెప్పవలెననుకొనేవారికి ఇది వింతగా తోచవచ్చును. 1997లో ఇంగ్లండులో ఆఫ్రికా దేశములకు పాత సైకిళ్లు పంపే సంస్థ ఏర్పడినది. 2013లో లండనులో శరణార్థులకు సైకిళ్లు బాగుచేసి ఇచ్చే పని మొదలైనది. అక్కడ ఆశ్రయము కోరి వచ్చినవారికి ఆ రోజులలో వారమునకు దొరికేది సుమారు 36 పౌనులు. బస్సు పాసుకే 20 పౌనులు దాటేది. కడుపు నింపుకొనడమా, వకీలు దగ్గరకు, ఆసుపత్రికి, ఆరాధనకు పోవడమా అన్నది వారి ముందున్న ప్రశ్న. ఒక పాత సైకిలు దానిని తీర్చినది.

వీటన్నిటిలో మేము ఎక్కువగా నేర్చుకొన్నది సునామీ తరువాతి పని నుండి. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము, మన కోస్తా పల్లెలను కూడ సముద్రము ముంచిన దినము. శ్రీలంకలో నష్టము మనకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. 2005లో ఏర్పడిన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ, క్రైస్తవ సేవా సంస్థయైన వరల్డ్ విజనుతో కలిసి అక్కడ 24,000కు పైగా సైకిళ్లు పంచినది. ఇవి పాతవి కావు, క్రొత్తవే. తరువాత ఆఫ్రికాలోని జాంబియాలో ఎయిడ్సు రోగుల ఇండ్లకు పోయి సేవ చేసే వాలంటీర్లకు సైకిళ్లు ఇచ్చినారు. ఆ వాలంటీర్లలో సంఘముల తరఫున పనిచేసేవారు అనేకులు. అక్కడ వారు రెండు సంగతులు గ్రహించినారు. మామూలు సైకిళ్లు ఆ దారులకు, ఆ బరువులకు తట్టుకోవడము లేదు. తట్టుకొన్నా, విడిభాగములు, మరమ్మతు చేసే మనిషి లేకపోతే నాలుగు నెలలలో గోడకు ఆనించవలసినదే. అందుచేత నూరు కిలోలు మోసే కారియరుతో, గేర్లు లేకుండ బరువైన ఉక్కు సైకిలును తయారుచేయించి, ఊరూర మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, విడిభాగములు అమ్మే ఏర్పాటు కూడ చేసినారు. బడి పిల్లలకిచ్చే సైకిళ్లలో నూటికి డెబ్బది బాలికలకే ఇచ్చినారు. తరువాత జాంబియాలో జరిగిన పరిశీలనలో, సైకిలు అందిన బాలికలకు బడికి పోయే సమయము మూడవ వంతు తగ్గినదని, బడి మానడము 28 శాతము తగ్గినదని తేలినది. మన దేశములోనే బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కోసము డబ్బు ఇచ్చినప్పుడు, హైస్కూలులో చేరే బాలికలు 32 శాతము పెరిగినారని ఆ పథకమును పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు.

ఇక మా కథ.

2021లో కరోనా తగ్గి బడులు మరల తెరచినప్పుడు బస్సులు సరిగా తిరుగలేదు. షేరు ఆటోలవారు ఛార్జీ పెంచినారు. మన పాస్టరేటు పల్లెలలో ఇద్దరు ముగ్గురు బాలికలు హైస్కూలు మానుకొన్నారని స్త్రీల మైత్రివారు సంఘ కమిటీలో చెప్పినారు. పట్టణములోని మన సంఘస్థుల అపార్టుమెంట్లలో, మెట్ల క్రింద, పిల్లలు ఎదిగిపోగా మిగిలిన సైకిళ్లు దుమ్ము పట్టి ఉన్నవి. ఆదివారము ప్రకటన చేయగా రెండు వారములలో పదకొండు సైకిళ్లు వచ్చినవి. మాకు సంతోషము పట్టలేదు. గాలి కొట్టి, తుడిచి, రంగు కాగితములు కట్టి, కోతకాల పండుగనాడు వేదిక మీద పంచినాము. ఫోటోలు కూడ తీయించినాము.

ఆరు నెలల తరువాత మాలో ఒకరు పని మీద పోయి పాత ఇనుప సామాను కొట్టులో వాటిలో రెండిటిని చూచినారు. రంగు కాగితము ఇంకా హ్యాండిలుకు ఉన్నది. మొదట మాకు కోపము వచ్చినది, దానమిచ్చిన దానిని అమ్ముకొన్నారని. ఆ పల్లెకు పోయి అడిగినాము. ఆ బిడ్డ తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "అయ్యగారూ, మీరిచ్చిన నెల రోజులకే చైను ఊడిపోవడం మొదలయింది. మా ఊళ్లో బాగుచేసే అతను ఆ సామాను తన దగ్గర లేదన్నాడు. టౌనుకు ఆటోలో వేసి తీసుకుపోతే ఛార్జీకే రెండొందలయింది. రెండోసారి నా వల్ల కాలేదు" అన్నది. మా నోట మాట రాలేదు.

తప్పు ఎక్కడున్నదో అప్పుడు తెలిసినది. మేమిచ్చినవి చాలవరకు గేరు సైకిళ్లు. వెనుక చక్రమునకు ఆరేడు పళ్ల చక్రములు, చైనును ఒకదానినుండి మరొకదానిమీదికి మార్చే చిన్న ఇనుప చేయి, అక్కడినుండి హ్యాండిలు వరకు తీగ. పట్టణములో తారురోడ్డు మీద అది సొగసే. పల్లెలో మట్టి, ఇసుక, గడ్డిపోచ, అన్నీ అందులోనే చిక్కుకొంటవి. పల్లె మెకానిక్కు దగ్గర ఉండేవి మన మామూలు నల్ల సైకిలు సామానులు. టైరు కొలత కూడ వేరు. మేము ఇచ్చినది వాహనము కాదు, ఖర్చు.

అయితే గేరు తీసివేసి ఒకటే పళ్ల చక్రము వేద్దామన్నాము. చెప్పినంత తేలిక కాలేదు. మామూలు సైకిలులో వెనుక ఇరుసు కూర్చొనే గాడి అడ్డముగా పొడవుగా ఉంటుంది. చక్రమును వెనుకకు లాగి చైను బిగువు సరిచేయవచ్చును. గేరు సైకిళ్లలో చాలవాటికి ఆ గాడి నిలువుగా ఉంటుంది. చక్రము వెనుకకు జరగదు. చైను వదులైతే ఊడుతుంది, ఒక లింకు తీస్తే అందదు. పళ్ల సంఖ్య మార్చి మార్చి చూచి, చైను సరిగా కుదిరే జతను వెదుకవలెను. కొన్నిటికి ఎంత చేసినా కుదరలేదు. వాటిని విప్పి పెడళ్లు, సీట్లు, బ్రేకు రబ్బర్లు, గోళీలు వేరుచేసి డబ్బాలలో పెట్టినాము. మూడు సైకిళ్లు చచ్చి రెండు సైకిళ్లు బ్రతికినవని మా షెడ్డులో ఒక వాడుక మాట పుట్టినది.

బస్సుస్టాండు దగ్గర ముప్పది ఏండ్లుగా సైకిలు షాపు నడిపి, గిరాకి తగ్గి మూసివేసిన ఒక ముస్లిం పెద్దాయన మా పని విని తానే వచ్చినాడు. చక్రము వంకర తీయడము, పుల్లల బిగువు వేలితో మీటి శబ్దమును బట్టి చెప్పడము, కాటరు పిన్నును సుత్తితో పాడుచేయకుండ ఊడదీయడము, అన్నీ ఆయన నేర్పినవే. పూర్తిగా విప్పి బిగించే పనిని ఆయన "ఓరాయిలింగు" అంటాడు. మేమూ అదే అంటున్నాము. చేతి ముడుపు ఇవ్వబోతే తీసికొనలేదు. క్రిస్మసు కేకు మాత్రము తీసికొంటాడు.

ఉచితముగా ఇవ్వవలెనా, డబ్బు తీసికొనవలెనా అన్న దానిమీద సంఘ కమిటీలో రెండు సమావేశములు జరిగినవి. దేవాలయపు ఆవరణలో అమ్మకమేమిటని ఒక పెద్దగారు గట్టిగా అడ్డుచెప్పినారు. యేసు ప్రభువు దేవాలయములో బల్లలు పడద్రోసిన సంగతి జ్ఞాపకము చేసినారు. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. మరొకరు క్లౌ దొరగారి కాలువను ఎత్తినారు. చివరకు మన పాస్టరుగారు మంచి సమరయుని ఉపమానము తీసి, అందులో మేమెన్నడూ గమనించని సంగతి చూపించినారు. ఆ సమరయుడు గాయపడినవానిని తన వాహనము మీద ఎక్కించినాడు గనుక తాను నడిచియుండవలెను. అంతటితో పోలేదు. పూటకూళ్లవానికి డబ్బు ఇచ్చి, ఇంకా ఖర్చైతే మరల వచ్చినప్పుడు తీర్చెదనన్నాడు. అంటే మరల వచ్చే ఉద్దేశముతోనే వెళ్లినాడు. మేము కోతకాల పండుగనాడు ఫోటో తీయించుకొని మరల పోలేదు.

ఇదే మాటను మరొక విధముగా అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనెరీల ఎదుటనే అన్నారు. మిషనెరీలు తమ ఆస్తిని బీదలకిచ్చినారని, శరీరములను కూడ అర్పించినారని ఒప్పుకొంటూనే, తమకు ఇంకా కావలసినది స్నేహమని, స్నేహితులను ఇవ్వండని అడిగినారు. ఆ మాట వినిన దొరలలో కొందరికి కష్టము తోచినదట. ఆ ఇనుప కొట్టునుండి తిరిగి వచ్చిన రాత్రి మాకు కూడ తోచినది.

చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. సైకిలు కావలసినవారు, లేక వారి ఇంటివారు ఎవరైనా, రెండు శనివారములు షెడ్డుకు వచ్చి మాతోపాటు తమ సైకిలును తామే బిగించుకొంటారు. పంచరు వేయడము, చైను ఎక్కించడము, బ్రేకు సరిచేయడము నేర్చుకొంటారు. నూరు రూపాయలు ఇస్తారు. అది లేనివారు ఇవ్వరు, అడగము. ఆ డబ్బు వేరే పుస్తకములో వ్రాసి ట్యూబులు, బ్రేకు రబ్బర్లు కొని, ఆ పల్లె మెకానిక్కు దగ్గరనే పెట్టినాము. మూడు నెలలకొకసారి మాలో ఇద్దరు పోయి చూచి వస్తారు. సైకిలు అడిగేవారి మతము, కులము అడగము. ఈ విషయములో కమిటీలో చర్చ జరగలేదు. జరిగియుంటే మేము లేచి వచ్చేవారము.

అడ్డు వచ్చినది మరొకచోట. రెండు పల్లెలలో ఆడపిల్ల సైకిలు తొక్కుట చూడ బాగుండదని కొందరు తండ్రులు సైకిలును కొడుకుకు ఇవ్వమన్నారు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యత ఉద్యమములో భాగముగా వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. పొలము పనివారు, రాతి పనివారు, నర్సులు, టీచరమ్మలు, అందరూ నేర్చుకొన్నారు. ఈ కథ మేము చెప్పినప్పుడు ఆ తండ్రులు విని నవ్వి ఊరుకొన్నారు. కాని స్త్రీల మైత్రి అధ్యక్షురాలు, అరువది దాటిన టీచరమ్మగారు, చీర కుచ్చెళ్లు దోపుకొని వారి వాకిట సైకిలు మీద ఒక చుట్టు తిరిగినారు. మా పుదుక్కోట కథకంటె అది బాగా పనిచేసినది. ఒక ఊరిలో మాత్రము ఇప్పటికీ ఒప్పుకొనలేదు. ఆ సైకిలు షెడ్డులోనే ఉన్నది.

సైకిళ్లు దొరకడము ఇప్పుడు కష్టము కాలేదు. మంచివి దొరకడము కష్టము. త్రుప్పుపట్టి ఫ్రేము పగిలినదానిని ఇచ్చి, తమ పేరు కానుకల జాబితాలో చదవమనేవారు ఉన్నారు. వారిని నొప్పించకుండ ఎట్లా తిరిగి పంపవలెనో మాకు ఇంకా తెలియలేదు. ఇస్తే పాతదైనా ఫరవాలేదు గాని, తాళము చెవితో సహా ఇవ్వండని మనవి. తాళము పగులగొట్టడములో మాకు ఒక గంట పోతున్నది.

పోయిన నెల కీర్తిశేషులైన ఒక ఉపదేశిగారి మనుమలు పట్టణమునుండి వచ్చి ఆయన సైకిలు ఇచ్చి వెళ్లినారు. ఇరువది నాలుగు అంగుళముల ఫ్రేము, నల్ల రంగు, రాడ్డు బ్రేకులు, వెనుక వెడల్పు కారియరు. హ్యాండిలు క్రింద తీగతో కట్టిన పంచాయతి పన్ను బిళ్లలు ఇప్పటికీ వ్రేలాడుచున్నవి. ఒక్కొక్క బిళ్ల ఒక్కొక్క సంవత్సరమునకు. వాటిని తీసివేయవలెనా ఉంచవలెనా అని కొంత తర్జనభర్జన జరిగి, ఉంచుదామన్నాము. మార్కెట్టు దగ్గర తెల్లవారుజామున ఆకుకూరలు అమ్మే ఒకాయన దానికోసము ఇప్పటికే ఒక శనివారము వచ్చి పనిచేసి వెళ్లినాడు. చైను, ఫ్రీవీలు బాగున్నవి. ముందు చక్రము హబ్బులో కప్పు అరిగినది, గోళీలు మార్చినా చక్రము ఊగుచున్నది. పాత షాపుల సామానులో వెదికి వచ్చే శనివారమునకు తెస్తానని మా పెద్దాయన అన్నాడు.